రౌటర్‌లో ఫైర్‌వాల్ ఆన్ చేయడం ఎలా, ఆన్ చేశాక ఏయే కన్నాలు చూస్కోవాలి

"అన్నా, మా రౌటర్‌లో ఫైర్‌వాల్ ఎలా ఆన్ చేయాలి" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, పైగా ఒకళ్ళ స్క్రీన్ ఇంకొకళ్ళ స్క్రీన్‌లా ఉండదు, అందుకే మొత్తం ఒకచోట రాసి పెట్టేస్తున్నా. పక్కన పెట్టుకుని చూస్తూ చేస్కోండి. అరగంట, మహా అయితే ముప్పావుగంట.

ముందే ఒక మాట చెప్పేస్తా, మీ రౌటర్‌లో ఫైర్‌వాల్ చాలావరకు ఇప్పటికే ఆన్‌లో ఉండి ఉంటుంది. కంపెనీ వాడు ఆన్ చేసే పంపిస్తాడు. అసలు గొడవ అక్కడ కాదు. సీసీ కెమెరాలు పెట్టినవాడో, గేమ్ ఆడే పిల్లాడో, నెట్ కనెక్షన్ ఇచ్చినవాడో ఎప్పుడో ఒకప్పుడు దాంట్లో కన్నాలు పెట్టి వెళ్ళుంటారు, అవి మనకి తెలీవు. వీధి తలుపుకి గడియ వేసుకుని పెరటి తలుపు బార్లా తీసి పడుకున్నట్టు ఉంటుంది యవ్వారం. కాబట్టి ఆన్ బటన్ కోసం 2 నిమిషాలు, కన్నాలు వెతకడానికి మిగతా టైమంతా పెట్టండి.

ఫైర్‌వాల్ ఏం చేస్తుందంటే, మీ ఇంట్లో ఫోనో టీవీయో బయటికి ఏదైనా అడిగితే దానికొచ్చిన జవాబుని లోపలికి రానిస్తుంది, ఎవరూ పిలవకుండా వచ్చినదాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇంతకంటే థియరీ మనకొద్దు.

ఏమేం కావాలి

- ల్యాప్‌టాప్ గానీ ఫోన్ గానీ. ల్యాప్‌టాప్ అయితే సుఖం, ఒక నెట్ కేబుల్ ఉంటే ఇంకా సుఖం (సెట్టింగ్ మారుస్తుంటే వైఫై మధ్యలో పోవచ్చు).
- రౌటర్ కిందో వెనకో ఉండే స్టిక్కర్ ఫోటో. డబ్బా గోడకి బిగించి ఉంటే పీకకండి, ఫోన్ వెనక్కి పెట్టి ఫోటో తీయండి.
- మొబైల్ డేటా ఉన్న ఇంకో ఫోన్, చివర్లో చెక్ చేయడానికి.
- నెట్ ఇచ్చిన లోకల్ ఆపరేటర్ నంబరు. తేడా వస్తే వాడే దిక్కు, అందుకని రాత్రి 11 గంటలకి ఈ పని మొదలెట్టకండి. ఇంట్లో ఎవరికైనా ఆఫీసు మీటింగో ఆన్‌లైన్ క్లాసో ఉన్న టైములో అసలే వద్దు.

మొదలెట్టే ముందు: మీ ఇంట్లో డబ్బా ఒకటా, రెండా?

ఇది చూడకుండా మొదలెట్టి తప్పు డబ్బాలో అన్నీ మార్చుకున్నవాళ్ళు చాలామంది. ఫైబర్ వైరు (సన్నగా, ఎక్కువగా పసుపు రంగులోనో నలుపులోనో ఉంటుంది) వచ్చి దూరే డబ్బాని ఓఎన్‌టీ అంటారు, మనవాళ్ళు మోడెమ్ అనేస్తారు. కొందరిళ్ళల్లో వైఫై కూడా అదే ఇస్తుంది, అంటే ఒకటే డబ్బా. ఇంకొందరు సిగ్నల్ సరిపోక టీపీ-లింకో, డీ-లింకో, టెండానో కొని దానికి తగిలించుకుంటారు, అప్పుడు రెండు.

ఒకటే ఉంటే గొడవ లేదు, అన్నీ దాంట్లోనే. రెండు ఉంటే బయటి ప్రపంచానికి ముందు ఎదురయ్యే డబ్బా ఏదో తెలియాలి. మీరు కొన్న రౌటర్ పేజీలో (అది ఎలా తెరవాలో 1, 2 స్టెప్పుల్లో ఉంది) స్టేటస్ కిందో ఇంటర్నెట్ కిందో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, అంటే బయటి నెట్ వైపు ఆ రౌటర్‌కున్న అడ్రస్, అది చూడండి:

- 192.168తో మొదలైతే ముందున్న ఓఎన్‌టీయే అసలు గుమ్మం. అక్కడా చేయాలి, ఇక్కడా చేయాలి.
- 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదైనా అయితే మీ నెట్ కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచుతోందని అర్థం, దీన్ని సీజీనాట్ అంటారు. కొన్ని కంపెనీలు ఇదే పనికి 10తో మొదలయ్యే అడ్రస్ ఇస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, చెక్ చేసేటప్పుడు మళ్ళీ వస్తుంది.
- ఇవేవీ కాకుండా వేరే నంబరు ఉంటే చాలావరకు మీ రౌటరే నేరుగా రోడ్డు మీద నిలబడి ఉన్నట్టు. మీరు ఇంకాస్త శ్రద్ధగా చదవండి.

1. రౌటర్ అడ్రస్ కనుక్కోండి

స్టిక్కర్ మీద ఉంటుంది. లేకపోతే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టండి, డిఫాల్ట్ గేట్‌వే అన్న లైన్లో కనబడే నంబరే అది. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్ళి మీ వైఫై పేరు మీద నొక్కితే గేట్‌వే అని ఉంటుంది. ఐఫోన్లో వైఫై పేరు పక్కన ఉండే ఐ గుర్తు నొక్కితే రౌటర్ అని చూపిస్తుంది.

మామూలుగా టీపీ-లింక్, డీ-లింక్, టెండా అయితే 192.168.0.1 లేదా 192.168.1.1. జియో ఫైబర్ డబ్బా అయితే 192.168.29.1. షావోమీ అయితే 192.168.31.1. కొత్త అసుస్ అయితే 192.168.50.1. హువావే ఓఎన్‌టీ అయితే ఎక్కువగా 192.168.100.1.

2. లోపలికి లాగిన్ అవ్వండి

బ్రౌజర్ పైన అడ్రస్ కొట్టే చోట ఆ నంబరు కొట్టండి. ఇంత చిన్న పనిలోనే సగం మంది ఆగిపోతారు, ఎందుకంటే:

ఒకటి, గూగుల్ సెర్చ్ డబ్బాలో కొడతారు. అప్పుడు ఏవేవో సైట్లు వస్తాయి, అందులో కొన్ని రౌటర్ లాగిన్ పేజీలా నటించేవి కూడా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. రెండు, 1 బదులు ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం కొడతారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎంతసేపు చూసినా తప్పు కనబడదు. మూడు, ఫోన్లో మొబైల్ డేటా ఆన్‌లో వదిలేస్తారు, లేదా ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటుంది, ఇక రౌటర్ పేజీ ఎందుకు వస్తుంది. డేటా ఆపండి, వీపీఎన్ ఆపండి, మళ్ళీ కొట్టండి.

"ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని బ్రౌజర్ ఎర్రగా భయపెట్టొచ్చు. వేరే ఎక్కడైనా అయితే వెనక్కి వచ్చేయాలి గానీ, మీ ఇంటి రౌటర్ నంబరు మీరే చేత్తో కొట్టారు కాబట్టి ఇక్కడ పర్లేదు, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్ళండి.

ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ ఇంటి నెట్‌కి మూడు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, మనవాళ్ళు మూడూ కలిపేస్తారు. చుట్టాలొస్తే చెప్పేది వైఫై పాస్‌వర్డ్. రౌటర్ పేజీ తెరిచేది అడ్మిన్ పాస్‌వర్డ్. నెట్ కంపెనీ దగ్గర మీ రౌటర్‌ని గుర్తుపట్టించేది పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ (అన్ని కనెక్షన్లకీ ఇది ఉండదు). ఇక్కడ కావాల్సింది రెండోది. స్టిక్కర్ మీద చూడండి, లేకపోతే ఆపరేటర్‌ని అడగండి.

హెచ్చరిక: పాస్‌వర్డ్ తెలీట్లేదని వెనక ఉన్న చిన్న కన్నంలో పిన్నీసు పెట్టి రీసెట్ నొక్కేయకండి. మీరు కొన్న రౌటర్ అయితే మళ్ళీ సెట్ చేస్కోవచ్చు. కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీ అయితే అందులో ఉన్న పీపీపీఓఈ వివరాలు, వీల్యాన్ నంబరు (కంపెనీ నెట్‌వర్క్‌లో మీ కనెక్షన్ ఏ దారిలో వెళ్ళాలో చెప్పే నంబరు) అన్నీ ఎగిరిపోతాయి, నెట్ ఆగిపోద్ది, వాడు మనిషిని పంపేదాకా కూర్చోవాలి. ఆదివారం అయితే ఇంక చెప్పక్కర్లేదు.

3. మార్చే ముందు బ్యాకప్, వెంటనే పాస్‌వర్డ్ మార్పు

సిస్టమ్ టూల్స్ గానీ అడ్మినిస్ట్రేషన్ గానీ అన్న మెనూలో బ్యాకప్ అని ఉంటుంది, ఫైల్ ఒకటి దిగుతుంది, దాచుకోండి. ఆ ఆప్షన్ లేకపోతే ముట్టుకోబోయే ప్రతి పేజీకి ముందుగా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. పాత పద్ధతే గానీ నన్ను చాలాసార్లు కాపాడింది.

తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్. అడ్మిన్-అడ్మిన్ అని వదిలేసిన రౌటర్‌కి ఫైర్‌వాల్ ఎంత గట్టిగా పెట్టినా దండగే. 2016లో మిరాయ్ అని ఒక మాల్‌వేర్ ప్రపంచమంతా కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా వీడియో రికార్డు చేసే డబ్బాలు), రౌటర్లలోకి దూరిపోయింది, పెద్ద తెలివేం వాడలేదు, కంపెనీ నుంచి వచ్చే 60 పైచిలుకు యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలు వరసగా కొట్టి చూడటమే. 2017 జూలైలో మన దేశంలోనే బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు వేల సంఖ్యలో పని చేయడం మానేశాయి, అవి కూడా పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవే. కాబట్టి ముందిది. కొత్తది కనీసం 12 అక్షరాలు, వైఫై పాస్‌వర్డ్ లాంటిది కాకుండా. కాయితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పులేదు, దొంగ బీరువా దాకా వచ్చాడంటే అప్పుడు మన బాధ రౌటర్ గురించి కాదు.

4. ఫైర్‌వాల్ ఆన్ చేయండి

మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి. స్క్రీన్ మీద ఇంగ్లీషులోనే ఉంటాయి, నేను పలికినట్టు రాస్తున్నా.

టీపీ-లింక్ ఆర్చర్ లాంటివి: అడ్వాన్స్‌డ్, దాంట్లో సెక్యూరిటీ, దాంట్లో ఫైర్‌వాల్ లేదా సెట్టింగ్స్. ఎస్‌పీఐ ఫైర్‌వాల్ (వచ్చింది మనం అడిగినదానికి జవాబేనా అని చూసేది ఇదే) ఎదురుగా బటన్ ఆన్. పాత ఆకుపచ్చ పేజీ వచ్చే టీపీ-లింక్ అయితే ఎడమ పక్క సెక్యూరిటీ, బేసిక్ సెక్యూరిటీ, అందులో ఎస్‌పీఐ ఫైర్‌వాల్ ఎనేబుల్.

డీ-లింక్: అడ్వాన్స్‌డ్‌లో ఫైర్‌వాల్ సెట్టింగ్స్, ఎనేబుల్ ఎస్‌పీఐ దగ్గర టిక్. కొత్త రకం పేజీ అయితే ఫీచర్స్ కింద ఫైర్‌వాల్.

అసుస్: ఎడమ పక్కన ఫైర్‌వాల్, జనరల్ ట్యాబ్, ఎనేబుల్ ఫైర్‌వాల్ దగ్గర యెస్. ఇది చాలా నీట్‌గా ఉంటుంది.

నెట్‌గేర్: అడ్వాన్స్‌డ్, సెటప్, వ్యాన్ సెటప్. ఇక్కడ జాగ్రత్త. ఇందులో రాసి ఉండేది "డిసేబుల్ పోర్ట్ స్కాన్ అండ్ డాస్ ప్రొటెక్షన్" అని. అంటే టిక్ పెడితే రక్షణ ఆగిపోతుంది! ప్రొటెక్షన్ అన్న మాట చూసి సంబరంగా టిక్ పెట్టేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ టిక్ ఉండకూడదు.

కంపెనీలు ఇచ్చే ఓఎన్‌టీలు (హువావే, జెడ్‌టీఈ లాంటివి): సెక్యూరిటీ కింద ఫైర్‌వాల్ లెవెల్ అని ఉండి లో, మీడియం, హై అని అడుగుతుంది. మీడియం పెట్టండి. హై అంటే ఎక్కువ మంచిదేమో అని చాలామంది అదే పెడతారు, తర్వాత ఆఫీసు వీపీఎన్ కలవట్లేదు, గేమ్ కనెక్ట్ అవట్లేదు అని ఫోన్ చేస్తారు. హై అన్నచోట లోపలి నుంచి బయటికి వెళ్ళేదాన్ని కూడా బిగించేస్తాయి కొన్ని డబ్బాలు. ఇంటికి అది అనవసరం.

పక్కనే డాస్ ప్రొటెక్షన్ అని కనబడుతుంది, ఐసీఎంపీ ఫ్లడ్, యూడీపీ ఫ్లడ్ అని అంకెలతో. ఎవడైనా వరదలా అడ్డగోలుగా డేటా పంపి నెట్‌ని ముంచేయకుండా ఆపడానికి అది. నా మట్టుకు నేను దాన్ని ముట్టుకోను. ఇంటి కనెక్షన్ మీద నిజంగా వరద వస్తే వైరే నిండిపోతుంది, రౌటర్ చేసేదేం లేదు. పైగా యూడీపీ దగ్గర అంకె మరీ తక్కువ పెడితే వీడియో కాల్స్ మొరాయిస్తాయి. ఆన్ చేసి తీరాలనుకుంటే మిడిల్‌లో పెట్టి ఒక వారం చూడండి.

మీకు ఫైర్‌వాల్ అన్న మెనూనే కనబడకపోతే మీరు లాగిన్ అయింది కస్టమర్ అకౌంట్‌తో, కంపెనీ వాడు అసలు మెనూ దాచి పెట్టుకున్నాడన్నమాట. యూట్యూబ్‌లో సూపర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లు దొరుకుతాయి, వాటితో దూరి కెలకొద్దు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "ఓఎన్‌టీలో ఫైర్‌వాల్ ఏ లెవెల్‌లో ఉంది, రిమోట్ వెబ్ యాక్సెస్ వ్యాన్ వైపు ఆపారా" అని ఈ రెండు ప్రశ్నలే అడగండి. లేదంటే మీ సొంత రౌటర్ ఒకటి తగిలించుకుని ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (అది ఊరికే నెట్‌ని మీ రౌటర్‌కి దాటించే పద్ధతి) పెట్టమనండి, అప్పుడు గుమ్మం మీ చేతిలో ఉంటుంది.

5. బయటి నుంచి రౌటర్ పేజీ తెరుచుకోకుండా ఆపండి

రిమోట్ మేనేజ్‌మెంట్, లేదా రిమోట్ యాక్సెస్, లేదా వెబ్ యాక్సెస్ ఫ్రమ్ వ్యాన్. ఏ పేరుతో ఉన్నా ఆఫ్. టెల్‌నెట్, ఎస్‌ఎస్‌హెచ్ (కమాండ్లతో రౌటర్‌లోకి దూరే దారులు) అని కనబడితే వ్యాన్ కాలమ్‌లో వాటికి టిక్ తీసేయండి. ల్యాన్ (ఇంటి లోపలి వైపు) కాలమ్‌లో ఉన్న వెబ్ యాక్సెస్ టిక్ మాత్రం తీయకండి, తీస్తే మీరే బయట పడతారు, మళ్ళీ రీసెట్టే గతి. ఇలా బయట పడ్డవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు, అందులో ఒకణ్ణి నేనే.

టీఆర్-069 అని కనబడితే కంపెనీ ఓఎన్‌టీలో వదిలేయండి, వాళ్ళు దూరం నుంచి సెట్టింగ్స్ పంపేది దాంతోనే. మీరు కొన్న సొంత రౌటర్‌లో ఉంటే ఆఫ్ చేయొచ్చు.

పింగ్ సంగతి: "రెస్పాండ్ టు పింగ్స్ ఫ్రమ్ వ్యాన్" ఆఫ్ చేయండి. పింగ్‌కి జవాబు ఇచ్చినంత మాత్రాన కొంపేం మునగదు, కానీ ఇంట్లో ఎవరున్నారని అరిచేవాడికి పలక్కపోతే పోయేదేముంది.

6. డీఎంజెడ్, పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ

ఇది కాస్త నిదానంగా చదవండి, అసలు కథ ఇక్కడే.

తెనాలిలో మా మేనమామ వాళ్ళింట్లో నాలుగు కెమెరాలు పెట్టించారు, బావ డాలస్ నుంచి అమ్మానాన్నల్ని చూస్కోవాలని. కెమెరాలు బిగించిన అబ్బాయి ఫోన్లో వీడియో రాకపోయేసరికి రౌటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేసి డీవీఆర్ అడ్రస్ అక్కడ పెట్టేశాడు, వీడియో వచ్చింది, డబ్బులు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. డీఎంజెడ్ అంటే బయటి నుంచి ఏ పోర్ట్ (ఒక్కో పనికి ఒక్కో నంబరుతో ఉండే తలుపు) మీద ఏం వచ్చినా దాన్ని ఆ ఒక్క పరికరానికి తిన్నగా పంపేయడం. ఫైర్‌వాల్ పేజీ తీస్తే ఆన్ అనే చూపిస్తోంది, ఆకుపచ్చ లైటు కూడా ఉంది, డీవీఆర్ మాత్రం రెండేళ్ళుగా నడిరోడ్డు మీద కూర్చుంది, అదీ కంపెనీ పాస్‌వర్డ్‌తో. అత్తయ్య వంటగదిలో తిరగడం ఎవడెవడు చూశాడో ఆ దేవుడికే తెలియాలి. నేను చూసింది కూడా వేరే పని మీద వెళ్ళి, వైఫై స్లోగా ఉందంటే పేజీ తెరిచినప్పుడు.

మీరు చేయాల్సింది:

డీఎంజెడ్ పేజీ తీయండి (నాట్ (NAT) ఫార్వర్డింగ్ కిందో, అప్లికేషన్ కిందో ఉంటుంది, నెట్‌గేర్‌లో పైన చెప్పిన వ్యాన్ సెటప్‌లోనే). ఆఫ్. దీనికి ఇంట్లో ఉపయోగం లేదు, ఒక్కటే మినహాయింపు, రెండు రౌటర్లుండి మొదటిదాంట్లో రెండోదాన్ని కావాలని డీఎంజెడ్‌లో పెట్టుకుంటే. అలా పెట్టుకున్నవాళ్ళకి ఈ గైడ్ అక్కర్లేదు.

పోర్ట్ ఫార్వర్డింగ్ (వర్చువల్ సర్వర్ అని కూడా అంటారు, ఫలానా పోర్ట్ మీద వచ్చినదాన్ని ఫలానా పరికరానికి పంపే ఏర్పాటు) లిస్టు చూడండి. 8000, 37777, 554 లాంటివి కనబడితే అవి ఎక్కువగా కెమెరా డీవీఆర్ కోసం పెట్టినవి. 3389 ఉంటే ఎవరో విండోస్ కంప్యూటర్‌ని బయటి నుంచి వాడుకోవడానికి తెరిచారు, దాన్ని ఈ నిమిషమే మూసేయండి. మీకు ఎందుకో తెలియని ప్రతిదాన్నీ ముందు డిసేబుల్ చేయండి, డిలీట్ వద్దు. ఒక వారం ఆగండి. ఎవరూ గొడవ చేయకపోతే అప్పుడు డిలీట్.

"మరి కెమెరాలు ఎలా చూడాలి" అంటారా. ఇప్పటి డీవీఆర్‌లు దాదాపు అన్నిట్లో పీ2పీ అనో క్లౌడ్ అనో ఉంటుంది, డీవీఆర్ మెనూలో అది ఆన్ చేసి, వచ్చే క్యూఆర్ కోడ్‌ని కంపెనీ యాప్‌తో స్కాన్ చేస్తే చాలు, ఒక్క పోర్ట్ కూడా తెరవక్కర్లేదు. దానికి ముందు డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చండి, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ కంపెనీ సర్వర్‌ని కూడా నమ్మలేం అనుకునేవాళ్ళు రౌటర్‌లో వీపీఎన్ సర్వర్ పెట్టుకుని దాంట్లోంచి చూస్కోవచ్చు, టీపీ-లింక్, అసుస్ మోడళ్ళలో చాలావాటికి ఓపెన్‌వీపీఎన్ ఉంటుంది, కానీ సీజీనాట్ వెనకున్నవాళ్ళకి అది పనిచేయదు. మా బావకి పీ2పీయే పెట్టించా, బాగానే వస్తోంది.

ఇక యూపీఎన్‌పీ. ఇంట్లో పరికరాలు మిమ్మల్ని అడక్కుండా వాటంతట అవే పోర్ట్ తెరుచుకునే సదుపాయం ఇది. దాని పేజీలో ప్రస్తుతం ఎవరు ఏం తెరిచారో లిస్టు ఉంటుంది, ఆఫ్ చేసే ముందు అది ఒకసారి చూడండి, ఆశ్చర్యపోతారు. ఇంట్లో ప్లేస్టేషనో ఎక్స్‌బాక్సో లేకపోతే ఆఫ్ చేసేయండి. ఉంటే, ఆఫ్ చేశాక పిల్లాడు "నాట్ టైప్ స్ట్రిక్ట్ అంటోంది" (ఆటలో మిగతావాళ్ళతో సరిగ్గా కలవట్లేదని) అని ఏడుస్తాడు, అప్పుడు ఆన్‌లో ఉంచి వారానికోసారి ఆ లిస్టు చూస్తుండటమే మార్గం.

7. ఐపీవీ6 ని మర్చిపోకండి

ఐపీవీ6 అంటే కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్, పాత గైడ్లలో ఇది ఉండదు. పాత రకం అడ్రస్‌లో ఇంట్లో పది పరికరాలున్నా బయటికి ఒకటే అడ్రస్, అందువల్ల లోపలివి ఎంతో కొంత దాగుంటాయి. ఐపీవీ6లో అలా కాదు, ప్రతి ఫోన్‌కీ ప్రతి టీవీకీ ప్రతి కెమెరాకీ బయటి నుంచి చేరగల సొంత అడ్రస్ ఉంటుంది. అక్కడ ఫైర్‌వాల్ ఒక్కటే అడ్డు. జియో, ఎయిర్‌టెల్ లాంటి కంపెనీలు ఐపీవీ6 ఇస్తున్నాయి కాబట్టి ఇది ఎక్కడో అమెరికా ముచ్చట కాదు.

రౌటర్ స్టేటస్ పేజీలో ఐపీవీ6 దగ్గర 2తో మొదలై మధ్యలో కోలన్లతో పొడుగాటి అడ్రస్ ఉంటే మీకు ఉన్నట్టే. అప్పుడు ఐపీవీ6 ఫైర్‌వాల్ అని విడిగా ఉందేమో వెతకండి. అసుస్‌లో ఫైర్‌వాల్ కిందే ట్యాబ్ ఉంటుంది, మిగతావాటిలో సెక్యూరిటీ కిందో ఐపీవీ6 పేజీలోనో. ఆన్ చేయండి. బయటి నుంచి లోపలికి వచ్చేవి బ్లాక్, లోపల్నించి బయటికి అలౌ, అంతే. ఐసీఎంపీవీ6 మొత్తం బ్లాక్ చేసే ఆప్షన్ ఉంటే అది మాత్రం చేయకండి, ఐపీవీ6 నడవడానికి అది కావాలి, కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి.

రౌటర్‌లో ఐపీవీ6 ఉంది గానీ దానికి ఫైర్‌వాల్ ఆప్షనే లేదంటే ముందు ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ లేకపోతే ఐపీవీ6నే ఆఫ్ చేసుకోవచ్చు, ప్రస్తుతానికి ఇంటి అవసరాలకి అది లేకపోయినా దాదాపు అన్నీ నడుస్తాయి.

8. సేవ్, దాని తర్వాత ఇంకో సేవ్

ప్రతి పేజీలో కింద సేవ్ గానీ అప్లై గానీ నొక్కాలి, నొక్కకుండా పక్క పేజీకి వెళ్తే చేసిందంతా పోయినట్టే. లోకల్ ఆపరేటర్లు ఇచ్చే చిన్న ఓఎన్‌టీలు కొన్నిట్లో ఇది కూడా చాలదు. అడ్మిన్ మెనూలో కమిట్ అండ్ రీబూట్ అని ఇంకోటి ఉంటుంది. అది నొక్కకపోతే ఇప్పుడు అన్నీ బాగా కనబడతాయి, సాయంత్రం కరెంటు పోయి రాగానే పాత సెట్టింగ్స్ వచ్చి కూర్చుంటాయి. అందుకే అంతా అయ్యాక ఒకసారి స్విచ్ ఆపి, నిమిషం ఆగి, వేసి, మళ్ళీ లాగిన్ అయి అన్నీ అలాగే ఉన్నాయో లేదో చూడండి. ఆపేటప్పుడు ఫైబర్ వైరు లాక్కండి, వంచకండి, ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పేది) అన్న చోట ఎర్ర లైటు వెలిగిందంటే ఫైర్‌వాల్ తప్పు కాదు, వైరు తప్పు.

పనిచేస్తోందో లేదో చెక్ చేయడం

మొదటి చెక్: ఇంటి వైఫైలో ఉండి గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని ఇంగ్లీషులో వెతికితే నంబరు వస్తుంది, రాసుకోండి. ఇప్పుడు రెండో ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఆ నంబరుని బ్రౌజర్‌లో కొట్టండి. కాసేపు తిరిగి తిరిగి పేజీ రాకుండా ఆగిపోవాలి. రౌటర్ లాగిన్ పేజీ వచ్చిందంటే 5వ స్టెప్ మళ్ళీ చేయాలి, కెమెరా లాగిన్ వచ్చిందంటే 6వ స్టెప్. ఇదే పని ఇంటి వైఫై మీద చేస్తే కొన్ని రౌటర్లు లాగిన్ పేజీ చూపిస్తాయి, అది లోపల్నించి లోపలికే తిరిగొచ్చింది, కంగారు పడొద్దు. తప్పకుండా మొబైల్ డేటా మీదే చూడాలి. గూగుల్ కోలన్లున్న పొడుగు నంబరు చూపిస్తే అది ఐపీవీ6, ఆ ఒక్క పరికరానిది, దీనికి పనికిరాదు, రౌటర్ స్టేటస్‌లో ఉన్న వ్యాన్ ఐపీ వాడండి.

రెండో చెక్: షీల్డ్స్‌అప్ అని జీఆర్‌సీ వాళ్ళ ఉచిత టెస్ట్ ఉంది, చాలా ఏళ్ళుగా ఉంది. అందులో కామన్ పోర్ట్స్, ఆల్ సర్వీస్ పోర్ట్స్ నొక్కండి. ఆకుపచ్చ అంటే స్టెల్త్, అసలు పలకలేదు. నీలం అంటే క్లోజ్డ్, తలుపు మూసుంది గానీ "లేదు పో" అని లోపల్నించి జవాబు వచ్చింది, ఇదీ పర్లేదు. ఎరుపు అంటే ఓపెన్, ఆ పోర్ట్ నంబరు రాసుకుని 5, 6 స్టెప్పులకి వెనక్కెళ్ళండి. అన్నీ ఆకుపచ్చే ఉన్నా పైన ఫెయిల్డ్ అని వస్తే చాలాసార్లు పింగ్‌కి జవాబు ఇచ్చినందుకే అలా అంటుంది. వీపీఎన్ ఆన్‌లో పెట్టి ఈ టెస్ట్ చేస్తే టెస్ట్ అయ్యేది వీపీఎన్ కంపెనీ సర్వర్, మీ ఇల్లు కాదు.

ఇప్పుడు ఇందాకటి సీజీనాట్ సంగతి. మీ వ్యాన్ ఐపీకీ (రెండు డబ్బాలుంటే ముందున్న ఓఎన్‌టీ వ్యాన్ ఐపీకీ) గూగుల్ చూపించే ఐపీకీ పొంతన లేకపోతే ఈ రెండు చెక్కులూ తట్టేది నెట్ కంపెనీ తలుపుని, మీ తలుపుని కాదు. రిజల్ట్ అంతా ఆకుపచ్చగా వస్తుంది, అది చూసి మురిసిపోకండి. సీజీనాట్ దానంతట అదే కొంత అడ్డు అన్నది నిజమే, కానీ కంపెనీ రేపు పద్ధతి మార్చినా, మీరు స్టాటిక్ ఐపీ (మీకొక్కళ్ళకే ఇచ్చే, మారని బయటి అడ్రస్) తీసుకున్నా ఆ అడ్డు పోతుంది, పైగా ఐపీవీ6కి అది వర్తించదు. మీలాంటివాళ్ళు సెట్టింగ్స్ పేజీల్ని కళ్ళతో చూసి నిర్ధారించుకోవడమే. షీల్డ్స్‌అప్ కూడా ఐపీవీ6ని టెస్ట్ చేయదు.

ఆన్ చేశాక ఏదైనా ఆగిపోతే

అన్నీ ఒకేసారి మార్చి, నెట్ తేడా చేశాక ఏది కారణమో తెలీక అన్నీ వెనక్కి పెట్టేయడం అందరూ చేసే తప్పు. ఒకటి మార్చండి, రెండు నిమిషాలు వాడి చూడండి, తర్వాత ఇంకోటి.

ఆఫీసు వీపీఎన్ ఆగితే: ముందు లెవెల్ హై నుంచి మీడియంకి దించండి. సెక్యూరిటీ కింద ఏఎల్‌జీ అనో వీపీఎన్ పాస్‌త్రూ అనో ఉంటుంది, ఐపీసెక్, ఎల్2టీపీ అక్కడ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి.

వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వస్తే: డాస్ ప్రొటెక్షన్‌లో యూడీపీ ఫ్లడ్ ఆఫ్.

స్పీడ్ పడిపోతే: మళ్ళీ డాస్ ప్రొటెక్షనే. చిన్న రౌటర్లకి అంత లెక్కపెట్టే ఓపిక ఉండదు. ఎస్‌పీఐ ఫైర్‌వాల్‌ని మాత్రం స్పీడ్ కోసం ఆపకండి, దానివల్ల పెద్దగా ఏం తగ్గదు.

కెమెరా ఆగితే: 6వ స్టెప్‌లో చెప్పిన పీ2పీ. మళ్ళీ ఆ అబ్బాయిని పిలిచి "ఎలాగోలా వచ్చేలా చెయ్ బాబూ" అనకండి, అనగానే డీఎంజెడ్ మళ్ళీ ఆన్ అవుద్ది.

ఇంకోటి, రౌటర్ ఫైర్‌వాల్ పిలవకుండా వచ్చేవాణ్ణి ఆపుద్ది గానీ మీరే పిలిచి కూర్చోబెట్టినవాణ్ణి ఆపలేదు. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అని వచ్చే ఏపీకే ఫైల్‌ని మీరే నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే దానికి రౌటర్‌తో పనే లేదు. విండోస్‌లో ఉండే ఫైర్‌వాల్‌ని కూడా "రౌటర్‌లో ఉందిగా" అని ఆపకండి, ఇంట్లో ఒక పరికరం చెడితే పక్కదాన్ని కాపాడేది అదే.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయిన రోజు, ఆపరేటర్ డబ్బా మార్చిన రోజు, కెమెరా వాళ్ళో ఇన్వర్టర్ వాళ్ళో స్మార్ట్ టీవీ వాళ్ళో వచ్చి "ఒకసారి రౌటర్ పాస్‌వర్డ్ చెప్పండి" అని అడిగి వెళ్ళిన రోజు, ఆ సాయంత్రమే డీఎంజెడ్, పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ లిస్టు, రిమోట్ మేనేజ్‌మెంట్, ఈ నాలుగు పేజీలూ తెరిచి చూడండి. వాళ్ళకి చెప్పిన పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చేయండి.